పెన్నీ భోజనం పెట్టిన పంతులు: బ్రదర్ వాల్ఫ్రిడ్ జీవితం

ఫుట్‌బాల్ క్రీడపై ఆసక్తిగల మన విద్యార్థులకు గ్లాస్గో నగరపు సెల్టిక్ జట్టు పేరు కొత్తది కాదు. 1967లో యూరోపియన్ కప్పును బ్రిటనుకు తొలిసారిగా తెచ్చిన జట్టు అది. ఆకుపచ్చ, తెలుపు అడ్డచారల చొక్కా దాని గుర్తు. అరవై వేలమంది కూర్చుండి చూడగల స్వంత క్రీడాప్రాంగణం దానికున్నది. ఇంతటి సంస్థ పుట్టుకకు మూలం, ఆకలిగొన్న బడిపిల్లలకు మధ్యాహ్నం వేళ పెట్టవలసి వచ్చిన ఒక గిన్నెడు వేడి సూపు. ఆ సూపు ఖర్చుకై జట్టును కూర్చినవారు బ్రదర్ వాల్ఫ్రిడ్ అనే ఉపాధ్యాయుడు. ఆయన జీవితాన్నీ, ఆయన వెళ్లిపోయిన తరువాత ఆ జట్టును సామాన్య ప్రజలు తమ భుజాలపై మోసుకొని వచ్చిన తీరునూ ఈ వ్యాసంలో చెప్పదలిచాము.

వాల్ఫ్రిడ్ అన్నది సన్యాస స్వీకారంతో వచ్చిన పేరు. 1840 మే 18వ తేదీన ఐర్లండు పడమటి భాగాన స్లైగో కౌంటీలోని బాలిమోట్‌లో జన్మించినప్పుడు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆండ్రూ కెరిన్స్. అది సేద్యం చేసుకునే కుటుంబం. ఆ రోజులలో ఐర్లండు పేదరైతుకు బంగాళాదుంపే అన్నం. కౌలుకు తీసికొన్న కొద్దిపాటి చెక్కలో ఆ దుంప వేసికొని, ధాన్యమూ పశువులూ అమ్మి భూస్వామికి కౌలు ముట్టజెప్పి బ్రతికేవారు. 1845లో దుంపకు తెగులు సోకింది. వరుసగా కొన్నేళ్లపాటు పంట నేలలోనే కుళ్లిపోయింది. సుమారు పది లక్షలమంది ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకూ బలి అయ్యారు; మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. అంతటి కరవులోనూ ఐర్లండు రేవులనుండి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉన్నదన్న సంగతిని ఆ జాతి నేటికీ మరువలేదు. తెగులు వచ్చిననాటికి ఆండ్రూకు అయిదేళ్లు. ఊహ తెలిసిననాటినుండి ఆయన చూసిన లోకం అదే.

1855లో, పదిహేనేళ్ల ప్రాయంలో, ఆయన గ్లాస్గో చేరారు. సముద్రం దాటితే ఒక రాత్రి ప్రయాణం. కాని రెండు దేశాలకూ నడుమ దూరం అంతకంటె చాల ఎక్కువ. గ్లాస్గో అప్పుడు ఓడలు, ఇనుము, నూలు మిల్లులతో పొగలు గ్రక్కుతున్న నగరం. పనికోసం వచ్చిన ఐరిష్ కూలీలు నగరపు తూర్పు భాగంలో కాల్టన్, బ్రిడ్జ్‌టన్, పార్క్‌హెడ్ అనే పేటలలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబంగా క్రిక్కిరిసి ఉండేవారు. వారు కాథలిక్కులు, స్కాట్లండు ప్రొటెస్టెంటు దేశం. వారు తక్కువ కూలికి వచ్చేవారు. స్థానిక కార్మికునికి అది కంటగింపు. పేటలో విషజ్వరం పుట్టినా, వీధిలో తగవు పుట్టినా నింద ముందుగా వారిమీదనే పడేది. ఆండ్రూ రైలుమార్గపు పనిలో కుదిరి, రాత్రిబడికి వెళ్లి చదువుకున్నారు. పగలంతా శరీరకష్టం చేసి రాత్రి పుస్తకం పట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

1864లో ఆయన మేరిస్ట్ సోదరుల సంఘంలో చేరారు. ఇది 1817లో ఫ్రాన్సులో పుట్టిన ఉపాధ్యాయ సన్యాసుల సంఘం. వీరు మతగురువులు కారు, పూజాదికాలు నడపరు. బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు వ్రతాలు పూని పేదపిల్లలకు చదువు చెప్పడమే వీరి వృత్తి. ఫ్రాన్సులో శిక్షణ పూర్తిచేసికొని, వాల్ఫ్రిడ్ అనే క్రొత్త పేరుతో ఆయన గ్లాస్గోకు తిరిగి వచ్చారు. కాల్టన్‌లోని సెయింట్ మేరీస్ పాఠశాలలో కొంతకాలం పనిచేసిన పిమ్మట 1874లో బ్రిడ్జ్‌టన్‌లోని సేక్రెడ్ హార్ట్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులయ్యారు.

ఇక్కడ ఆనాటి విద్యావిధానం గురించి ఒక మాట చెప్పాలి. 1872 చట్టం స్కాట్లండులో అయిదేళ్లనుండి పదమూడేళ్లవరకు చదువును నిర్బంధం చేసింది. ప్రజాధనంతో నడిచే పాఠశాలలు వెలిశాయి. కాథలిక్కులు తమ మతబోధకు అక్కడ హామీ లేదని తమ పాఠశాలలను వేరుగానే ఉంచుకున్నారు. అందువలన వారిపై భారం రెండింతలైంది: అందరితోపాటు పన్ను కట్టాలి, తమ బడిని తాము పోషించుకోవాలి. 1918లో వచ్చిన మరొక చట్టంతో ఆ బడులు ప్రభుత్వ వ్యవస్థలో చేరేదాకా ఈ స్థితి మారలేదు. ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు పిల్లల హాజరుమీదా, పరీక్షా ఫలితాలమీదా ఆధారపడేది. హాజరు పిల్లవాని కడుపుమీద ఆధారపడేది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థను నడిపిన అనుభవంగల పెద్దలకు ఈ గొలుసుకట్టును విప్పి చెప్పనక్కరలేదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ మిల్లుకు పోతే పిల్లవానికి మధ్యాహ్నం అన్నం పెట్టేవారెవరు? ఆకలితో ఇంటికి పోయినవాడు తిరిగి బడికి రాడు. ఈ సంగతి గమనించి వాల్ఫ్రిడ్ 1884 ప్రాంతంలో తన పాఠశాలలో పేదపిల్లల భోజనపు బల్లను ప్రారంభించారు. సెయింట్ మేరీస్‌లో ఆయన సహచరుడు బ్రదర్ డొరోథియస్ కూడా అదే పని చేశారు. సెయింట్ విన్సెంట్ డి పాల్ అనే ధర్మసంఘం సభ్యులు తోడ్పడ్డారు. వేడి భోజనానికి ఒక పెన్నీ. పౌనుకు 240 పెన్నీలు కనుక అది అత్యల్ప మొత్తమే. ఇంటినుండి రొట్టె తెచ్చుకున్నవారికి అరపెన్నీకే పెద్ద గిన్నెడు సూపు. ఆ అరపెన్నీ కూడా లేనివారికి ఉచితం. ఈ ఏర్పాటులోని సున్నితత్వాన్ని మేము ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాము. పెన్నీ తీసికొనడం ఆదాయం కోసమే కాదు. బిడ్డ కూడు దానమన్న చిన్నతనం తల్లిదండ్రులకు కలుగకుండా ఆ నాణెం అడ్డుపడింది.

ఆయన ఉద్దేశంలో కేవల కరుణయే ఉన్నదనడం చరిత్రకు న్యాయం కాదు. తూర్పు గ్లాస్గోలో ప్రొటెస్టెంటు ధర్మసంస్థలు కూడా సూపు పంచేవి. అక్కడికి పోయిన బిడ్డ మతం మారిపోతాడేమోనన్న భయం కాథలిక్కులలో బలంగా ఉండేది. కరవునాటి ఐర్లండులో సూపు ఆశ చూపి మతం మార్చారన్న చేదు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉన్నది. వాల్ఫ్రిడ్‌కు ఆ భయమూ ఉన్నది. అయినా ఆకలి తీరిన పిల్లవానికి వండిపెట్టినవాని ఆంతర్యంతో పనిలేదు.

భోజనాలు నడవాలంటే వారం వారం డబ్బు కావాలి. చందాలు ఇచ్చేవారే పేదలు. వారిని ఎన్నిసార్లు అడుగుతారు? ఈ ప్రశ్నకు సమాధానం ఫుట్‌బాల్ మైదానంలో దొరికింది. ఆ దశాబ్దంలో స్కాట్లండు శ్రామికులకు శనివారం మధ్యాహ్నం సెలవు దొరకడంతో ఫుట్‌బాల్ చూడటానికి వేలమంది వచ్చేవారు. ఎడిన్‌బరోలో ఐరిష్ కాథలిక్కులు 1875లో స్థాపించుకున్న హిబెర్నియన్ అనే జట్టు అప్పటికే మంచి పేరు తెచ్చుకున్నది. ధర్మకార్యాల నిధికోసం గ్లాస్గో తూర్పు పేటలలో ఆడించిన పోటీలకు జనం విరగబడి వచ్చి, వసూళ్లు ఆశించిన దానిని మించాయి. 1887 ఫిబ్రవరిలో హిబెర్నియన్ జట్టు డంబార్టన్‌పై 2–1తో నెగ్గి స్కాటిష్ కప్పు గెలిచింది. ఆ విజయానికి గ్లాస్గోలో, సెయింట్ మేరీస్ చర్చి హాలులో విందు జరిగింది. ఎడిన్‌బరోవారు చేసిన పని మీరెందుకు చేయరాదని అతిథులు ఆతిథేయులను ప్రోత్సహించినట్లు చెబుతారు. ఆ ఏడాదే నవంబరు 6వ తేదీన అదే ప్రదేశంలో సమావేశం జరిగి క్రొత్త సంఘం స్థాపితమైంది.

పేరు విషయంలో వాదం జరిగింది. గ్లాస్గో హిబెర్నియన్ అని పెడదామన్నవారు చాలమంది. హిబెర్నియా అంటే లాటిన్‌లో ఐర్లండు. వాల్ఫ్రిడ్ సెల్టిక్ అనే పేరును పట్టుబట్టి నిలిపారు. కెల్టు జాతి ఐర్లండుకూ స్కాట్లండుకూ ఉమ్మడి మూలం. ఈ పేరులో వలసవచ్చినవారు తమ పుట్టుకను దాచుకోలేదు. ఆశ్రయమిచ్చిన నేలకు పరాయివారమని చాటుకోనూ లేదు. మా అభిప్రాయంలో వాల్ఫ్రిడ్ చేసిన పనులన్నిటిలో దూరదృష్టిగలది ఇదే. ఒక చిన్న సమాజం తన చుట్టూ గోడ కట్టుకోవలెనా, ద్వారం పెట్టుకోవలెనా అన్న ప్రశ్నకు ఆయన ఒక్క మాటతో జవాబు చెప్పారు. స్కాట్లండులో దానిని సెల్టిక్ అని పలకడం, జాతిని కెల్టు అని పలకడం వాడుకలో స్థిరపడిన తేడా మాత్రమే.

సంఘం ఏర్పడిన వారంలోనే పార్క్‌హెడ్‌లో, జేన్‌ఫీల్డ్ శ్మశానం పక్కన ఉన్న ఖాళీ నేలను సంవత్సరానికి 50 పౌన్ల అద్దెకు తీసికొన్నారు. మైదానం చదును చేయడానికి కూలీలను పెట్టుకునే స్తోమతు లేదు. పగలు కార్ఖానాలలో పనిచేసిన మనుషులు సాయంత్రాలు పారలు, తట్టలు పట్టుకొని వచ్చి ఆరు మాసాలలో మైదానం సిద్ధం చేశారు. సెల్టిక్ అభిమానుల చరిత్ర ఆ తట్టలతోనే మొదలవుతుందని మేము భావిస్తాము. ఆట ఇంకా ప్రారంభం కాలేదు, జట్టులో ఆటగాళ్లు లేరు. అభిమానులు మాత్రం ఉన్నారు.

ఆటగాళ్లను వెదకే పనిలో వాల్ఫ్రిడ్ ఇద్దరు సహచరులతో కలిసి 1887 డిసెంబరులో టామ్ మేలీ అనే క్రీడాకారుని ఇంటికి వెళ్లారు. ఆయన ఇంట లేరు. తలుపు తీసిన తమ్ముడు విల్లీ పందొమ్మిదేళ్ల యువకుడు. వచ్చినందుకు అతనిని కూడా రమ్మని పిలిచారు. ఆ పిలుపు ఎంత దూరం పోయిందంటే, విల్లీ మేలీ జట్టులో ఆడి, 1897లో కార్యదర్శి–మేనేజరై, 1940వరకు నాలుగు దశాబ్దాలకు పైగా ఆ పదవిలో ఉన్నారు. ఈ మేలీ పేరును పాఠకులు గుర్తుంచుకోవలెను. మన దేశానికి సంబంధించిన ఒక ఘట్టంలో ఆయన మళ్లీ కనబడతారు.

1888 మే 28న తొలి ఆట. ప్రత్యర్థి రేంజర్స్ సంఘపు రెండవ శ్రేణి జట్టు. సెల్టిక్ 5–2తో గెలిచింది. ఆట తరువాత రెండు జట్లవారూ సెయింట్ మేరీస్ హాలులో కలిసి భోజనం చేశారు. తరువాతి శతాబ్దంలో ఈ రెండు జట్ల అభిమానుల మధ్య ప్రవహించిన ద్వేషం ఎరిగినవారికి ఆ విందు ఒక కలవలె తోస్తుంది.

ధర్మార్థం పుట్టిన సంఘం చేసిన పనులన్నీ ధర్మబద్ధమైనవి కావు. ఆదినుండీ ఆదరించిన హిబెర్నియన్ జట్టునుండి ముఖ్యమైన ఆటగాళ్లను 1888లో సెల్టిక్ తనవైపు లాగుకున్నది. ఆటకు డబ్బు తీసికోరాదన్న నియమం స్కాట్లండులో 1893దాకా అమలులో ఉన్నా, తెరవెనుక ఏర్పాట్లు లేవని ఆనాడు ఎవరూ నమ్మలేదు. ఆ దెబ్బకు హిబెర్నియన్ కొంతకాలం మూతపడే స్థితికి వచ్చి, మళ్లీ కోలుకున్నది. ఎడిన్‌బరోవారు ఆ మాట మరచిపోలేదు. ఆకలిగొన్న పిల్లలకోసం అన్న ఒక్క మాటతో ఇటువంటి పనిని సమర్థించవచ్చునా? సమర్థించరాదనే మేమంటాము.

ఫలితాలు మాత్రం దిగ్భ్రాంతి కలిగించాయి. మొదటి సంవత్సరంలోనే జట్టు స్కాటిష్ కప్పు అంతిమ పోటీకి చేరింది. 1892లో క్వీన్స్ పార్క్ జట్టుపై 5–1తో నెగ్గి ఆ కప్పును గెలుచుకున్నది. తొలి సంవత్సరం ధర్మకార్యాలకు ముట్టిన సొమ్ము 400 పౌన్లకు పైమాటే. దానిని పెన్నీ భోజనాలలోకి మార్చి లెక్కవేస్తే దాదాపు లక్ష పళ్లేలవుతాయి.

అభిమానులు కూడా ఆ రోజులలోనే సంఘాలుగా ఏర్పడ్డారు. ప్రతి చర్చి పరిధిలోనూ పాతిక ముప్ఫయిమంది కలిసి గుర్రాలు లాగే పెద్ద బండిని కిరాయికి మాట్లాడుకొని, బండి ముందు తమకిష్టమైన ఆటగాని చిత్రం గల పట్టుజెండా కట్టుకొని, ఊరూరా జట్టు వెంట పోయేవారు. వాటిని బ్రేక్ క్లబ్బులనేవారు. మొదటిది 1889లో సెయింట్ మేరీస్‌లో ఏర్పడింది. మద్యపాన నిషేధ సంఘాలతో వీటికి సంబంధం ఉండేది కనుక త్రాగి అల్లరి చేసినవానికి బండిలో చోటు దక్కేది కాదు. వారం పొడుగునా ఫోర్‌మన్ మాటలు పడ్డ మనిషికి శనివారం నాడు తలయెత్తుకొని తిరగగల స్థలం ఒకటి దొరికింది. ఈనాడు ప్రపంచమంతటా వ్యాపించిన సెల్టిక్ అభిమాన సంఘాలకు పూర్వరూపం ఆ గుర్రపుబండ్లే.

విజయం చూసి భూమి యజమాని 1892లో అద్దెను 50 నుండి 450 పౌన్లకు పెంచాడు. సంఘం ఆ నేలను వదలి, సమీపంలోని పాత ఇటుకల బట్టీ స్థలాన్ని తీసికొన్నది. అది లోతైన నీటిగుంట. మళ్లీ అభిమానులే వేలాది బండ్ల మట్టి తోలి గుంట పూడ్చారు. 1892 మార్చిలో ఐరిష్ భూమి ఉద్యమ నాయకుడు మైకేల్ డేవిట్ స్వయంగా వచ్చి, ఐర్లండునుండి తెచ్చిన పచ్చికగడ్డను మైదానం మధ్య నాటారు. ఆ గడ్డను ఎవరో దొంగిలించుకు పోయారన్నది వేరే సంగతి. శ్మశానం పక్కనుండి వచ్చిన కారణాన ఆ క్రొత్త మైదానానికి స్వర్గమనే ముద్దుపేరు వచ్చింది; అభిమానులు నేటికీ అలాగే పిలుస్తారు.

ఆ ఆగస్టులోనే వాల్ఫ్రిడ్‌కు లండను బదిలీ అయింది. విధేయతా వ్రతం పూనినవారు ఎందుకని అడుగరు. ఆయన పెట్టె సర్దుకొని వెళ్లిపోయారు. అడ్డుకొనగల మనిషి వెళ్లిన తరువాత సంఘంలోని మార్పు త్వరపడింది. భోజనపు బల్లలకు పోయే సొమ్ము సన్నగిల్లింది. సంఘాన్ని వాటాల కంపెనీగా మార్చాలని కొందరు, మారిస్తే పిల్లల సంగతి ఏమిటని కొందరు అయిదేళ్లపాటు సభలలో తగవులాడుకున్నారు. 1897లో కంపెనీ ఏర్పడింది. ఆ తరువాత లాభాలు వాటాదారులకు పోవడం మొదలైంది.

దీనిని కేవలం ద్రోహమనడానికి మాకు మనసొప్పదు. పెద్ద మైదానానికి పెద్ద అప్పులుంటాయి. ఆటగాళ్లకు జీతాలివ్వక తప్పని కాలం వచ్చింది. జమాఖర్చులకు ఎవరో ఒకరు చట్టప్రకారం బాధ్యులు కావలెను. అయితే కంపెనీ పెట్టడానికి ఇవన్నీ కారణాలు కావచ్చునేమో గాని, పళ్లెం తీసివేయడానికి కారణాలు కావు. ఆదాయం నూరింతలైననాడు సూపుకు డబ్బు కరువైందంటే, ఆ లోపం లెక్కలలో ఉన్నదని మేము నమ్మజాలము. కమిటీలో కూర్చున్న పెద్దమనుషులు చాలమంది ఆ పేటలలో పుట్టి పైకి వచ్చినవారే. పైకి వచ్చిన కొలది క్రింది వీధి కనబడటం మానింది.

వాల్ఫ్రిడ్ ఈ విషయమై బహిరంగంగా కలహించలేదు. లండను తూర్పు పేటలలో చెప్పులు లేని పిల్లలను పోగుచేసి ఫుట్‌బాల్ ఆడించారు. తన పద్ధతిలో తన పని మళ్లీ మొదటినుండి మొదలుపెట్టారు. పిమ్మట కెంట్ ప్రాంతంలోని సంఘపు విద్యాలయంలో కొంతకాలం గడిపారు. 1911లో ఐరోపా పర్యటన ముగించుకొని లండను మీదుగా తిరిగిపోతున్న సెల్టిక్ జట్టును ఆయన కలుసుకున్నారు. అప్పటికి తాను కూర్చిన జట్టులోని ఆటగాడెవరూ ఆటలో లేరు. మేలీ మాత్రం ఉన్నారు. చివరి రోజులు స్కాట్లండు దక్షిణాన డంఫ్రీస్ పట్టణంలో గడిపి, 1915 ఏప్రిల్ 17న, డెబ్భయి అయిదవ యేటికి నెల తక్కువగా మరణించారు. సమాధి ఆ ఊరిలోనే ఉన్నది. పేదరిక వ్రతం పూనిన మనిషి కనుక ఆస్తి పంపకాల ప్రసక్తి లేదు.

ఆయన లేని కాలంలో ఆ పేరు ఎంతవరకు నిలిచిందో చూడవలెను. రేంజర్స్‌తో పోటీ క్రమంగా మతవైరంగా మారింది. రేంజర్స్ దశాబ్దాల తరబడి కాథలిక్ ఆటగాళ్లను తీసికోరాదన్న అలిఖిత నియమం పాటించింది. 1989లో గాని అది బహిరంగంగా తొలగలేదు. ఆకుపచ్చ వైపునుండి కూడా విద్వేషగీతాలు వినబడకపోలేదు. అయినా సెల్టిక్ ప్రొటెస్టెంటు ఆటగాళ్లకు తలుపు మూయలేదు. 1965లో మేనేజరుగా వచ్చిన జాక్ స్టీన్ ప్రొటెస్టెంటు. రెండేళ్లకే, 1967 మే 25న, లిస్బన్‌లో ఆయన జట్టు ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్‌ను 2–1తో ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. ఆనాడు ఆడిన పదకొండుగురూ గ్లాస్గోకు సుమారు ముప్ఫయి మైళ్లలోపల పుట్టినవారు. వారిలో రెండు మతశాఖలవారూ ఉన్నారు. వాల్ఫ్రిడ్ పట్టుబట్టి నిలిపిన ఆ పేరుకు అర్థం ఆ రోజున తెలిసింది.

అంతకు ముప్ఫయి యేళ్ల ముందే ఆ ద్వారం మరింత దూరపు అతిథికి తెరచుకున్నది. కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టులో ఆడిన మహమ్మద్ సలీమ్ 1936లో తన బంధువు హషీమ్ వెంట గ్లాస్గో చేరారు. బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకొని ఆడే భారతీయుని పరీక్షించి చూడమని హషీమ్ అడిగినది విల్లీ మేలీనే. అవును, ఒకనాడు వాల్ఫ్రిడ్‌కు తలుపు తీసిన విల్లీయే. సలీమ్ రెండవ శ్రేణి జట్టు పక్షాన రెండు ఆటలు ఆడారు. గాల్‌స్టన్ జట్టుపై సెల్టిక్ 7–1తో గెలిచిన ఆటలో ఆయన పాదాల నైపుణ్యాన్ని గ్లాస్గో పత్రికలు ఆశ్చర్యంతో వర్ణించాయి. ఐరోపా క్లబ్బు పక్షాన ఆడిన తొలి భారతీయుడు ఆయనే. ఇంటిమీద బెంగ పెట్టుకొని కొద్దికాలానికే కలకత్తా తిరిగి వచ్చారు. ఆయన కుమారుడు తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, వెళ్లనీయక ఉంచేందుకు ఆయన పేర ఒక ధర్మార్థపు పోటీ పెట్టి వసూళ్లలో భాగమిస్తామని సంఘం చెప్పగా, సలీమ్ ఆ భాగాన్ని అనాథ పిల్లలకు ఇప్పించారట. వృద్ధాప్యంలో తండ్రి జబ్బుపడినప్పుడు కుమారుడు సెల్టిక్‌కు ఉత్తరం వ్రాస్తే నూరు పౌన్ల డ్రాఫ్టు వచ్చింది. దానిని మార్చుకొనక జ్ఞాపికగా దాచుకున్నారు. సలీమ్ 1980లో మరణించారు.

వాల్ఫ్రిడ్ వెళ్లిన వందేళ్లకు సంఘం దివాలా అంచుకు వచ్చింది. కొద్ది కుటుంబాల చేతిలో తరతరాలుగా ఉన్న యాజమాన్యంపై అభిమానులు తిరగబడ్డారు. 1994 మార్చి 4న, బ్యాంకు తలుపులు వేయబోయే ఘడియలలో, ఒకప్పటి అభిమాన సంఘ కార్యకర్త, కెనడాలో వ్యాపారం చేసి సంపాదించిన ఫెర్గస్ మెకాన్ సంఘాన్ని చేతికి తీసికొన్నారు. ఆ మరుసటి యేడు వాటాలు అమ్మకానికి పెడితే పదివేలమంది సామాన్య అభిమానులు కొన్నారు. 1897లో పదిమంది చేతిలోకి పోయిన దానిలో కొంత భాగం తట్టలు మోసినవారి మనుమల చేతికి తిరిగి వచ్చిందన్నమాట. 1995లోనే సంఘం పక్షాన ధర్మనిధి కూడా తిరిగి ఏర్పడింది.

2005 నవంబరులో సెల్టిక్ మైదానం ముందర వాల్ఫ్రిడ్ కాంస్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఖర్చు అభిమానుల చందాలే. పుట్టిన బాలిమోట్‌లోనూ ఒక స్మారకం వెలసింది. ఆయనను గౌరవించడం తేలికైంది. ఆయన చూసిన స్థితిని మార్చడం తేలిక కాలేదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషను ప్రకటించిన నివేదికలో గ్లాస్గో కాల్టన్ పేటలో పుట్టిన మగబిడ్డ ఆయుర్దాయం 54 యేళ్లని, కొద్ది మైళ్ల దూరంలోని లెంజీలో 82 యేళ్లని ఉన్నది. ఆయన మొట్టమొదట చదువు చెప్పిన పేట కాల్టన్. కోట్ల పౌన్ల ఆదాయంగల క్రీడాప్రాంగణం దానికి నడచిపోయే దూరంలో ఉన్నది.

ఈ మధ్యకాలంలో కొన్ని ఆటల రోజున ప్రాంగణం బయట అభిమానులు బల్లలు వేసికొని నిలబడుతున్నారు. ఆట చూడవచ్చేవారు పాస్తా పొట్లాలు, సూపు డబ్బాలు, పసిపిల్లల పాలపొడి తెచ్చి వాటిపై పెట్టి లోపలికి పోతారు. ఆట ముగిసేలోగా వాటిని బండ్లకెత్తి, ఆ వారం వంట సామగ్రి కొనుక్కోలేని కుటుంబాలకు చేర్చే ఆహారనిధులకు పంపుతారు.